తాతకి ఇద్దరు భార్యలు, జ్ఞానస్నానం అడుగుతున్నాడు. ఏ మామ్మని పంపాలి?

కొండగాలి
మా ఊరు పాడేరు అవతల. నేను పదేళ్ళుగా గోపాలపట్నంలో ఉంటున్నాను, చర్చి పూజకి జ్ఞానాపురం వెళ్తాను. నేనూ మా నాన్నా ఎప్పుడో జ్ఞానస్నానం (బాప్తిస్మం) తీసుకుని కతోలికులమయ్యాం. తాత మాత్రం "నాకెందుకురా ఇప్పుడు" అంటూ దాటవేస్తూ వచ్చాడు. పోయిన వానాకాలం జ్వరం పడి లేచాక మనసు మారింది. ఇప్పుడు తనే అడుగుతున్నాడు.

చిక్కేమిటంటే తాతకి ఇద్దరు భార్యలు. పెద్ద మామ్మకి పిల్లలు పుట్టలేదని ఆవిడే దగ్గరుండి చిన్న మామ్మని తెచ్చింది. మా నాన్న చిన్న మామ్మ కొడుకు. ముగ్గురూ డెబ్భై దాటినవాళ్ళే. ఒకే ఇల్లు, ఒకే పొయ్యి. జపాలు నేర్పడానికి ఊరికి వచ్చే ఆయన "రెండో ఆవిణ్ణి పంపించేయండి, వచ్చే ఈస్టర్‌కి స్నానం అయిపోతుంది" అని చెప్పి బండెక్కి వెళ్ళిపోయాడట. పంపించేయడమంటే ఎక్కడికి? ఆవిడ అన్నదమ్ములు కూడా పోయారు. వినగానే నాకు ఒళ్ళు మండింది. నిజంగా రూలు అంతేనా?

బీచ్‌రోడ్_బాబ్జీ
సింహాచలం అప్పన్నకి లేని చిక్కు మీ తాతకి వచ్చిపడింది.

అడ్మిన్_వాల్తేరు
బాబ్జీ, జోకులు మనుషుల మీద వేసుకో. దేవుళ్ళ జోలికి వెళ్ళకు.

ఉపదేశి_గారబ్బాయి
మా నాన్న నలభై ఏళ్ళు ఉపదేశిగా (ఊళ్ళలో జపాలు, మతబోధ నేర్పే పని) చేశారు, ఇలాంటివి వింటూనే పెరిగాను. ఆ వచ్చినాయన చెప్పింది సగం రూలు. 1983లో వచ్చిన చర్చి చట్టంలో 1148వ నియమం అచ్చంగా మీ తాత లాంటివాళ్ళ కోసమే ఉంది. జ్ఞానస్నానం లేని మగవాడికి జ్ఞానస్నానం లేని భార్యలు ఇద్దరో ముగ్గురో ఉంటే, స్నానం తీసుకున్నాక ఒక్కరితోనే కాపురం. ఆ ఒక్కరూ మామూలుగా మొదటి భార్య. చర్చి లెక్కలో చెల్లిన పెళ్లి ఆవిడదే కాబట్టి. మొదటి ఆవిడతో ఉండటం కష్టమైతే మిగతావాళ్ళలో ఒకరిని ఉంచుకోవచ్చు, కానీ అప్పుడు స్నానం తర్వాత ఆవిణ్ణి చర్చి పద్ధతిలో పెళ్లి చేసుకోవాలి. అంటే "రెండో ఆవిణ్ణే పంపాలి" అని గుడ్డిగా లేదు.

అందరూ మింగేసేది ఆ నియమంలో మూడో పేరా. పక్కకి తప్పుకున్న భార్యకి, ఆవిడ మొదటిదైనా రెండోదైనా, న్యాయంగా సరిపడా జీవనాధారం ఉండేలా స్థానిక బిషప్ గారు చూడాలి. ఆ ఊరి పరిస్థితి, ఆ మనుషుల పరిస్థితి చూసి మరీ. ఆ పేరా చదవకుండా "పంపించేయండి" అనేవాడు నియమం చెప్పినట్టు కాదు.

కంచరపాలెం_కుర్రాడు
ఆడమనిషికి ఇద్దరు మొగుళ్ళుంటే?

ఉపదేశి_గారబ్బాయి
అదే నియమం, అదే పేరాలో. చాలామంది భర్తలున్న స్త్రీకీ ఇదే వర్తిస్తుందని రాసే ఉంది.

బీచ్‌రోడ్_బాబ్జీ
అయితే పాంచాలికి ధర్మరాజే మిగిలేవాడు. పాపం, ఆయనేమో జూదగాడు.

విజ్జీ_వాటర్‌ట్యాంక్
నాకు ఎప్పుడూ అర్థం కానిది ఒకటి. అబ్రాహాముకి హాగరు ఉంది. యాకోబుకి అక్కాచెల్లెళ్ళిద్దరూ భార్యలే. సొలోమోనుకి ఏడువందల మంది భార్యలు, మూడువందల మంది ఉపపత్నులు. వాళ్ళని పితరులు అంటాం, పిల్లలకి వాళ్ళ పేర్లు పెట్టుకుంటాం. పాడేరు ముసలాయన ఇద్దరితో ఉంటే తప్పా?

పాత_పోస్టాఫీసు
యాకోబు కథ ఇంకోసారి చదవండి. లేయా ఏడుపు, రాహేలు ఏడుపు, మధ్యలో పిల్లలు పుడతారని నమ్మే పుత్రదాత పండ్ల కోసం బేరాలు. ఆ ఇల్లు చూసి ఎవరైనా రెండో పెళ్లి చేసుకుంటారా? పరిసయ్యులు విడాకుల గురించి అడిగితే ప్రభువు అబ్రాహాము దగ్గర ఆగలేదు, సరాసరి ఆదాము దగ్గరికి వెళ్ళారు. "మొదట్లో అలా లేదు" అన్నారు. మత్తయి 19. చర్చి ఒక్కరికి ఒక్కరే అనేది అక్కడి నుంచే. 1563లో ట్రెంట్‌లో జరిగిన చర్చి మహాసభ దాన్ని కాదన్నవాణ్ణి వెలివేస్తామని కూడా రాసింది. మొన్న 2025 నవంబరులో వాటికన్ నుంచి ఏకపత్నిత్వం మీద ప్రత్యేకంగా "ఊనా కారో" అనే పత్రం వచ్చింది. ఏక శరీరం అని అర్థం. ఇప్పట్లో ఈ మాట మారదు.

లా_పుస్తకం
చర్చి సంగతి మీరు చూసుకోండి, ప్రభుత్వ చట్టం నేను చెప్తాను, ఎవరో ఒకరు మీ తాతని కేసు పేరుతో భయపెట్టకముందే. హిందూ వివాహ చట్టం 1955 షెడ్యూల్డ్ తెగలకి వర్తించదు, 2వ సెక్షన్లోనే ఉంది. వాళ్ళకి తెగ ఆచారమే చట్టం. మైదానంలో మనవాళ్ళకి 1949లోనే మద్రాసు రాష్ట్రం రెండో పెళ్లి నిషేధించింది. అంతకు ముందు హిందూ మగవాడు ఎన్ని చేసుకున్నా అడిగే చట్టం లేదు, మన జమీందార్ల వంశవృక్షాలు చూస్తే తెలుస్తుంది. కాబట్టి ఏజెన్సీ వాళ్ళని చూసి ముక్కు మీద వేలేసుకునే హక్కు మనకి వచ్చి ఎనభై ఏళ్ళు కూడా కాలేదు.

ఉప్పు_మిరప
లా_పుస్తకం గారి ఆఖరి వాక్యానికి నా దండం.

చిన్నవాల్తేరు_సీఎస్ఐ
మా సీఎస్ఐ వైపు సంగతి చెప్తాను. ఆంగ్లికన్ (ఇంగ్లాండు చర్చి సంప్రదాయం) బిషప్పులు 1888లో లాంబెత్ సమావేశంలో బహుభార్యలున్నవాడికి జ్ఞానస్నానం ఇవ్వకూడదన్నారు. సరిగ్గా వందేళ్ళకి, 1988లో, ఆఫ్రికా అనుభవం చూసి మార్చారు. ఉన్న భార్యలతోనే స్నానం తీసుకోవచ్చు, కానీ వాళ్ళలో ఎవరు బతికున్నంత కాలం కొత్తగా ఇంకో పెళ్లి చేసుకోనని మాట ఇవ్వాలి, అక్కడి సంఘం ఒప్పుకోవాలి. ఉన్నవాళ్ళలో ఎవరినీ పంపించమని బలవంతపెట్టకూడదని కూడా చెప్పారు. మీ తాత మా చర్చికి వస్తే ఈ గొడవ లేదు.

పాత_పోస్టాఫీసు
మీ చర్చి మొదలైందే ఒక రాజుగారి పెళ్లి గొడవతో కదా.

చిన్నవాల్తేరు_సీఎస్ఐ
మీ పోప్ జూలియస్ 1503లో ఇంగ్లాండు హెన్రీకి చనిపోయిన అన్న భార్యని చేసుకోవడానికి అనుమతి ఇవ్వకపోతే ఆ గొడవే ఉండేది కాదు.

కంచరపాలెం_కుర్రాడు
వదినని చేసుకున్నాడా?? మా ఇంట్లో వదినంటే అమ్మ తర్వాత అమ్మ. ఛీ.

కొండగాలి
తమ్ముడూ, ఛీ అనకు. కొండల మీద కొన్ని తెగల్లో అన్న పోతే వదినని మరిదే ఏలుకుంటాడు. పిల్లలు చెదిరిపోకుండా, ఆవిడ భూమి పోకుండా. ఊరికో మర్యాద.

మరిడిమాంబ_వీధి
మాలో భార్య పోతే మరదలిని ఇచ్చి చేయడం మామూలే కదా. పిల్లల్ని పినతల్లి చూసినట్టు పరాయిది చూడదని. మా పెదనాన్న అలాగే చేసుకున్నారు, 1960ల్లో. అప్పట్లో దానికి ప్రత్యేక అనుమతి తేవాల్సి వచ్చిందట. ఇప్పుడూ కావాలా?

ఉపదేశి_గారబ్బాయి
అక్కర్లేదు. 1917 చట్టంలో భార్య అక్కచెల్లెళ్ళు అడ్డంకి కింద ఉండేవాళ్ళు. 1983లో అది తీసేశారు. ఇప్పుడు అత్తగారు, సవతి కూతురు లాంటి నిలువు వరసలే అడ్డం. మేనరికానికి మాత్రం ఇప్పటికీ అనుమతి కావాలి, మేనమామ కూతురు, మేనత్త కూతురు రక్తసంబంధం లెక్కలో నాలుగో మెట్టులోకి వస్తారు కాబట్టి. మన దగ్గర ఆ అర్జీలు కొత్త కాదు. మా అమ్మానాన్నలదీ మేనరికమే, ఆ కాగితం పెళ్లి ఫోటో వెనకాలే ఉంది. అక్క కూతుర్ని మేనమామ చేసుకోవడం ఇంకా దగ్గర మెట్టు, అది అంత తేలిగ్గా రాదు.

బీచ్‌రోడ్_బాబ్జీ
తెలుగోడికి సగం వరసలు పెళ్లికే పనికొస్తాయి, రోముకి అదే బెంగ.

షిప్పు_శీను
ఇరవై ఏళ్ళు సముద్రం మీద తిరిగాను, రెండు ముక్కలు చెప్తాను. కామెరూన్‌లో డౌలా రేవులో ఒక లోడింగ్ మేస్త్రీ పరిచయం. ప్రతి ఆదివారం పూజకి ముందు వరసలో ఉంటాడు. సత్ప్రసాదం (పూజలో ఇచ్చే పవిత్ర రొట్టె) వేళకి మాత్రం లేవకుండా కూర్చుండిపోతాడు. ఏంటని అడిగితే ఇద్దరు భార్యలు, ఏడుగురు పిల్లలు, ఎవరినీ వదలలేను, అందుకని పద్నాలుగేళ్ళుగా స్నానానికి తయారవుతూనే ఉన్నాను అన్నాడు. చచ్చే ముందు ఇస్తార్లే అని నవ్వాడు. అలా ఉండిపోయినవాళ్ళు అక్కడ చాలామందేనట. 2023 అక్టోబరులో రోములో జరిగిన సినడ్ (చర్చి మహాసభ) కూడా ఆఫ్రికా బిషప్పులని ఈ విషయం కూర్చుని ఆలోచించమని అడిగింది.

రెండోది. మా షిప్పుల్లో సగం మంది ఫిలిప్పీనోలు. వాళ్ళ దేశంలో ముస్లింలకి తప్ప విడాకుల చట్టమే లేదు. ఎక్కువమంది కతోలికులే, వాళ్ళందరికీ ఒకటే పెళ్లి, కాగితం మీద. కాగితం బయట సంగతి అడక్కండి. ఒక చోట ఇద్దరు భార్యలని ఒప్పుకుని బయట కూర్చున్నవాడు, ఇంకో చోట ఒప్పుకోకుండా లోపల కూర్చున్నవాడు. నాకైతే మేస్త్రీ మీదే గౌరవం.

విజ్జీ_వాటర్‌ట్యాంక్
షిప్పు_శీను గారూ, మన దగ్గర "చిన్నిల్లు" అనే మాట ఉన్నన్నాళ్ళు ఫిలిప్పీన్స్ దాకా వెళ్ళక్కర్లేదు.

మరియ_మర్రిపాలెం
ఇద్దరు భార్యల గురించి ఇంత చర్చ జరుగుతోంది, అసలు భర్తే లేనిదాని గురించి ఒక మాట అడుగుతాను. నా భర్త పెళ్లైన రెండేళ్ళకే వేరే ఆవిడతో వెళ్ళిపోయాడు. 2018లో కోర్టులో విడాకులు వచ్చాయి. నేను మళ్ళీ పెళ్లి చేసుకోలేదు, మా అమ్మతో ఉంటున్నాను. కానీ మా విచారణలో (మా చర్చి పరిధిలో) ఒక పెద్దావిడ "విడాకులు తీసుకున్నదానివి, సత్ప్రసాదానికి లేవకూడదు" అంది. ఏడేళ్ళుగా లేవడం లేదు. కొండగుడి పండక్కి రాస్ కొండ ఎక్కి, మేరీమాత ముందు కూర్చుని దిగొచ్చేస్తాను.

ఉపదేశి_గారబ్బాయి
అమ్మా, ఆవిడ చెప్పింది పూర్తిగా తప్పు. కోర్టు విడాకులు తీసుకుని ఒంటరిగా ఉన్నవాళ్ళకి సత్ప్రసాదానికి ఏ అడ్డూ లేదు. వదిలేయబడినవాళ్ళకి అసలే లేదు. రెండో జాన్‌పాల్ 1981లోనే స్పష్టంగా రాశారు. అడ్డు వచ్చేది మొదటి బంధం చెల్లుతుండగా ఇంకో పెళ్లి చేసుకుంటేనే. ఈ శనివారమే ఫాదర్ గారి దగ్గర పాపసంకీర్తనం చేసి ఆదివారం ముందు వరసలో లేవండి.

ఉప్పు_మిరప
ఏడేళ్ళు! వెళ్ళిపోయిన మగాడు ఇంకో చోట హాయిగా ఉంటాడు, ఇంట్లో ఉన్న ఆడది ఆకలితో కూర్చుంటుంది. ఆ పెద్దావిడ పేరు చెప్పకండి గానీ ఏ విచారణో చెప్పండి, నేను వచ్చి మాట్లాడతాను.

మరియ_మర్రిపాలెం
వద్దులెండి. ఆవిడ ఈ మధ్యే పోయింది. ఆవిడ భూస్థాపనకి కూడా వెళ్ళాను.

లా_పుస్తకం
మరియ గారికి ఒక జాగ్రత్త. రేపు మళ్ళీ పెళ్లి ఆలోచన వస్తే రెండు కాగితాలు వేర్వేరని గుర్తుంచుకోండి. కోర్టు విడాకులు ప్రభుత్వానికి. మొదటి పెళ్లి మొదటి నుంచీ చెల్లలేదని చర్చి ట్రిబ్యునల్ ఇచ్చే తీర్పు చర్చికి. ఒకటి ఉంటే రెండోది ఉన్నట్టు కాదు. ట్రిబ్యునల్ తీర్పు ఒక్కటే పట్టుకుని మళ్ళీ పెళ్లి చేసుకుంటే అది రెండో పెళ్లి నేరం కిందికి వస్తుంది. 2017 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే తేల్చింది. 2001కి ముందైతే క్రైస్తవ భార్య భర్త వ్యభిచారం ఒక్కటే చూపి విడాకులు అడగడానికి కూడా లేదు, దానికి తోడు హింసో వదిలేయడమో చూపాలి. భర్తకి మాత్రం అదొక్కటే చాలు. 1869 నాటి చట్టం మరి.

కంచరపాలెం_కుర్రాడు
ట్రిబ్యునల్ అంటే లక్షలు అవుతుందని మా మావయ్య అన్నాడు. డబ్బున్నోళ్ళ విడాకులు అంట కదా.

పాత_పోస్టాఫీసు
మీ మావయ్య పాత మాట చెప్పాడు. 2015లో పోప్ ఫ్రాన్సిస్ ఆ పద్ధతి సులువు చేశారు. అంతకు ముందు రెండు కోర్టులు ఒకే తీర్పు ఇస్తేనే చెల్లేది, ఇప్పుడు ఒకటి చాలు. సాక్ష్యాలు స్పష్టంగా ఉంటే బిషప్ గారే త్వరగా తేల్చవచ్చు. వీలైనంత వరకు ఉచితంగా చేయమన్నారు కూడా. అయినా అది విడాకులు కాదు. ఉన్న పెళ్లిని తెంచడం వేరు, పెళ్లే జరగలేదని తేల్చడం వేరు.

విజ్జీ_వాటర్‌ట్యాంక్
పదేళ్ళు కాపురం చేసి, ఇద్దరు పిల్లల్ని కన్నాక "పెళ్లే జరగలేదు" అంటే వినడానికి బాగుందా? పిల్లలేమవ్వాలి?

పాత_పోస్టాఫీసు
చెల్లుతుందని నమ్మి చేసుకున్న పెళ్లి పిల్లలు చర్చి చట్టంలో సక్రమ సంతానమే. ఆ భయం వద్దు. వినడానికి బాగుందా అంటే, బాగోదు. ఒప్పుకుంటాను.

అన్నవరం_అల్లుడు
నాది ఇంకో రకం. నేను కతోలికుణ్ణి, తను హిందువు. పెద్దలు ఒప్పుకోలేదు, అన్నవరం వెళ్ళి సత్యనారాయణ స్వామి దగ్గర పెళ్లి చేసుకున్నాం. నాలుగేళ్ళకి విడిపోయాం, కోర్టులో పరస్పర అంగీకారంతో. పాప తన దగ్గర ఉంది. ఇప్పుడు చర్చిలో పెళ్లి మాట వచ్చింది. ఫాదర్ గారు "నీ కేసు తేలికే, చర్చి అనుమతి లేకుండా బయట జరిగింది కాబట్టి మా లెక్కలో పెళ్లి కాదు" అన్నారు. నాకు సంతోషం వేయాలి కదా. వేయలేదు. ఆ నాలుగేళ్ళూ మేం పెళ్లైనవాళ్ళమే.

ఉపదేశి_గారబ్బాయి
ఫాదర్ గారు చెప్పింది చట్టం ప్రకారం నిజమే. కానీ అక్కడా 1148 లాంటి తోక ఒకటుంది. పాత బంధం వల్ల ఆవిడ మీదో పాప మీదో మీకు బాధ్యతలు ఉంటే, బిషప్ గారి అనుమతి లేకుండా ఫాదర్ గారు కొత్త పెళ్లి జరిపించకూడదు. 1071వ నియమం. పాప ఖర్చు ఇస్తున్నట్టు కాగితాలు అడుగుతారు, దాచకుండా చూపించండి.

అన్నవరం_అల్లుడు
ఇస్తున్నాను. ప్రతి నెలా ఐదో తారీకున. అడగకపోయినా ఇస్తాను.

షిప్పు_శీను
ఒక డౌటు. మా ఏరియాలో ఒక పెద్దాయనకి ముగ్గురు భార్యలు ఒకరి తర్వాత ఒకరు పోయారు. ఇప్పుడు నాలుగోదానికి సిద్ధంగా ఉన్నాడు. దానికి లెక్కేమైనా ఉందా?

పాత_పోస్టాఫీసు
మనకి లెక్కలేదు. చావు బంధాన్ని తెంచుతుంది, పౌలుగారు కొరింతీయులకి రాశారు. గ్రీకు చర్చిలో మాత్రం మూడుతో సరి. వాళ్ళ చక్రవర్తి ఆరో లియో నాలుగో పెళ్లి చేసుకుంటే పెద్ద రభస జరిగి, ఆయన పోయాక 920లో నాలుగో పెళ్లి కుదరదని తేల్చారు. మనవాళ్ళు విధవ పెళ్లికి ఎప్పుడూ అడ్డు చెప్పలేదు. వీరేశలింగం గారు రాజమండ్రిలో 1881లో మొదటి వితంతు వివాహం చేయించడానికి పోలీసు కాపలా పెట్టించుకోవాల్సి వచ్చిన రోజుల్లో కూడా.

ఉప్పు_మిరప
పాత పోస్టాఫీసు గారూ, చట్టంలో ఉండటం వేరు, వీధిలో జరగడం వేరు. మా అత్త ముప్ఫై ఏళ్ళకే విధవ అయింది. చర్చి అడ్డు చెప్పలేదు, నిజమే. చుట్టాలు చెప్పారు. "మారుమనువు" అనే మాట మా ఇంట్లో తిట్టులా వాడేవాళ్ళు. అదే కూలి పని చేసుకునే కులాల్లో మారుమనువు మామూలు విషయం. మన కతోలికులం కులాన్ని గుమ్మం బయట వదిలి లోపలికి రాలేదు కదా.

బీచ్‌రోడ్_బాబ్జీ
దీనికి నా దగ్గర జోకు లేదు.

చిన్నవాల్తేరు_సీఎస్ఐ
మళ్ళీ తాత దగ్గరికి వద్దాం. ఇద్దరూ మొదటి భార్యలే అని తాత వాదిస్తే?

ఉపదేశి_గారబ్బాయి
నవ్వకండి, అదీ జరిగింది. 1537లో పోప్ మూడో పౌల్ అమెరికా ఖండం వాళ్ళ కోసం రాశారు, మొదట ఎవరిని చేసుకున్నాడో గుర్తులేకపోతే ఇష్టమైనవారిని ఉంచుకోవచ్చని. 1571లో ఐదో పయస్ ఇంకో మెట్టు దిగి, తనతో పాటు స్నానం తీసుకునే భార్యని ఉంచుకోవచ్చన్నారు. 1585లో పదమూడో గ్రెగరీ, బానిసలుగా సముద్రాలు దాటించబడి భార్యాభర్తలు విడిపోయిన వాళ్ళ గురించి రాశారు. ఇప్పటి 1148, 1149 నియమాలు వీటి మనవలే. మా నాన్న అనేవారు, ఈ మూడు ఉత్తరాలూ చదివితే రోము కూడా మనలాగే తల గోక్కుందని తెలుస్తుందని.

నియమం_నియమమే
మొత్తం చదివాను. అందరూ కరిగిపోతున్నారు. ఒకే ఇంట్లో ఇద్దరూ ఉంటే ఊరు ఏమనుకుంటుంది? "చర్చి కూడా ఇద్దరు పెళ్ళాలని ఒప్పుకుంది" అనుకుంటారు. వేరే ఇల్లు కట్టాల్సిందే. రేపు పాతికేళ్ళ కుర్రాడు అదే చూపించి నాకూ ఇద్దరు కావాలంటే ఏం చెప్తారు?

ఉప్పు_మిరప
పాతికేళ్ళ కుర్రాడికి కుదరదని చెప్తాం. డెబ్భై ఐదేళ్ళ ఆవిణ్ణి వానలో బయట నిలబెట్టం. అంత కష్టమా తేడా తెలుసుకోవడం?

నియమం_నియమమే
వానలో నిలబెట్టమని నేనన్లేదు. అదే పెరట్లో ఇంకో గది, ఇంకో పొయ్యి అన్నాను. నియమంలో ఉన్న జీవనాధారం అదే కదా.

ఉపదేశి_గారబ్బాయి
ఈ మాట నాకు నచ్చింది. మా నాన్న కాలంలో ఒకటి రెండు ఇళ్ళలో అలాగే జరిగింది, పెరట్లో గది. కానీ ఎవరు ఆ గదిలోకి వెళ్ళాలన్నది ముసలాళ్ళు చెప్పాలి, మనం కాదు. కొండగాలీ, మామ్మలని ఎవరైనా అడిగారా?

కొండగాలి
అడగలేదు. ఈ ప్రశ్న చదివాక సిగ్గేసింది. ఆదివారం ఊరికి వెళ్తున్నాను, ఫాదర్ గారిని కూడా రమ్మన్నాను.

కొండగాలి
(ఎనిమిది రోజుల తర్వాత)
వెళ్ళొచ్చాను. ఫాదర్ గారు మంచివారు, వచ్చీ రాగానే పుస్తకం తెరవలేదు. ముగ్గురినీ అరుగు మీద కూర్చోబెట్టి మెల్లగా చెప్పారు. తాత ఏం మాట్లాడకుండా చుట్ట కాలుస్తూ కూర్చున్నాడు. పెద్ద మామ్మ అంతా విని ఇలా అంది: "ముప్పయ్యేళ్ళ నుంచి ఈ ముసలోడు ఎవుర్తోనూ కాపురం సేత్తన్నాడేటి బాబూ? నాను మంచాన పడితే నా కాళ్ళు పిసికింది ఇది. ఆడు కాదు. దీన్ని పంపితే నానూ దీనెనకే ఎల్తాను. ఆడు ఒక్కడే తానం సేసుకోనీ."

చిన్న మామ్మ కొంగు నోట్లో పెట్టుకుని నవ్వుతూ ఉంది. తర్వాత మెల్లగా, "నాకూ తానం కావాలి, నన్నెవరూ అడగనేదు" అంది. ఇన్నాళ్ళూ ఎవరికీ తట్టని మాట.

ఫాదర్ గారు చాలాసేపు ఏం అనలేదు. చివరికి పెద్ద మామ్మే భార్యగా ఉంటుంది, చిన్న మామ్మకి అదే పెరట్లో పడమటి గది, ఆవిడ పేరు మీద రాసిచ్చిన కాఫీ తోట అర ఎకరం, ఇదంతా రాసి బిషప్ గారికి ఉత్తరం పెడతానన్నారు. ఇద్దరు మామ్మల సంగతీ అందులో రాస్తానన్నారు. జవాబు వచ్చేదాకా ఎవరినీ ఎక్కడికీ పంపొద్దన్నారు.

నియమం_నియమమే
పొయ్యి?

కొండగాలి
పొయ్యి రెండోది పెట్టారు. వండేది మాత్రం ఇద్దరూ పెద్ద మామ్మ పొయ్యి మీదే. కొత్త పొయ్యి మీద తాత వేణ్ణీళ్ళు కాగుతున్నాయి.

మరియ_మర్రిపాలెం
నేను పోయిన ఆదివారం లేచాను.

ఉప్పు_మిరప
❤️

బీచ్‌రోడ్_బాబ్జీ
కొండగాలీ, ఆ అర ఎకరం కాఫీ ఈసారి ఎప్పుడు దిగుతుందో చెప్పు. రెండు కిలోలు నా పేరు మీద రాసుకో, డబ్బులు చిన్న మామ్మ చేతికే ఇస్తాను.